స్కోరు అడిగే ముందు ముక్క సంగతి చూడండి

ప్రోస్టేట్ కేన్సర్ చికిత్సను నిర్ణయించే ట్యూమర్ బోర్డుల్లోని యూరాలజిస్టులకు, రేడియేషన్ ఆంకాలజిస్టులకు, మెడికల్ ఆంకాలజిస్టులకు, పాథాలజీ విభాగాలు నడిపే పెద్దలకు,

నమస్కారం.

మీరు పంపిన బయాప్సీ ముక్కను మైనంలో పోసి, పొరలుగా కోసి, రంగు వేసి, అందులోంచి ఆర్‌ఎన్‌ఏనో డీఎన్‌ఏనో తీసి, చివరికి స్కోరు అనే ఒక అంకె రాసి పంపడం మా పని. ఆ అంకె బోర్డులో తెర మీదికి ఎక్కేసరికి దాని వెనక జరిగిందంతా చెరిగిపోతుంది. 0.58 అని రెండు దశాంశాలతో కనబడితే ఎవరికైనా నమ్మబుద్ధేస్తుంది. ఆ ముక్క కుళ్లకుండా కాపాడే ఫార్మలిన్‌లో ఎన్ని గంటలు నానిందో, ఏ మైనపు బ్లాకు నుంచి తీశారో, రోగి అప్పటికే హార్మోను మందు (మగ హార్మోనును అణచేది) మీద ఉన్నాడో లేదో ఆ అంకెలో కనబడదు. కణితి ఎంత దూకుడుగా ఉందో తేల్చే మాలిక్యులర్ పరీక్షలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. కొన్ని నిజంగా మంచివి కూడా. అవి చెడేది ఎక్కువగా యంత్రంలో పడకముందూ, యంత్రం నుంచి బయటికి వచ్చాకానూ.

రిక్వెస్టు ఫారం నుంచే మొదలుపెడదాం. చాలా ఫారాల్లో ఉండేది ఒకటే లైను: ‘ప్రోస్టేట్ బయాప్సీ, జీనోమిక్ టెస్టు చేయగలరు.’ పీఎస్‌ఏ (రక్తంలో కొలిచే ప్రోస్టేట్ ప్రోటీన్) ఎంతో ఉండదు. ఎంఆర్‌ఐలో మచ్చ ఎక్కడుందో ఉండదు. ఏ నిర్ణయం కోసం అడుగుతున్నారో అసలే ఉండదు. మా దృష్టిలో ఈ చివరిదే అన్నిటికంటే పెద్ద లోటు. స్కోరు తక్కువ వస్తే ఏం చేస్తారు, ఎక్కువ వస్తే ఏం చేస్తారు అన్న రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే అయితే ఆ పరీక్ష రాయకండి. గ్రేడ్ గ్రూప్ (కణాల రూపం చూసి కణితి తీవ్రతకు ఇచ్చే 1 నుంచి 5 వరకు అంకె) 5 ఉండి ఎముకలకు పాకిన రోగికి బయాప్సీ ముక్క మీద ఆర్‌ఎన్‌ఏ స్కోరు అడిగితే, జబ్బు దూకుడుగా ఉందని తెలియడానికి అంత కణజాలం ఖర్చు పెట్టినట్టు. గుండెజబ్బుతోనో, వయసుతోనో ఆయుర్దాయం అయిదారేళ్లకు మించని మనిషికి గ్రేడ్ గ్రూప్ 1 కణితి మీద అడగడం కూడా అంతే వృథా.

నిజంగా పనికొచ్చే చోట్లు కొన్నే. గ్రేడ్ గ్రూప్ 2, పీఎస్‌ఏ 10 లోపు, తీసిన సూది ముక్కల్లో సగానికంటే తక్కువ వాటిలోనే కేన్సర్ ఉన్న రోగిని చికిత్స లేకుండా కనిపెట్టుకుని ఉండవచ్చా, చికిత్స మొదలుపెట్టాలా అన్న సందిగ్ధం ఒకటి. రేడియేషన్‌తో పాటు హార్మోను మందు కలపాలా, కలిపితే ఎన్ని నెలలు అన్నది ఇంకొకటి. ఆపరేషన్ అయ్యాక అంచుల్లో కణితి మిగిలి, పీఎస్‌ఏ మళ్లీ లేస్తున్న రోగికి రేడియేషన్‌తో పాటు ఇంకేమైనా ఇవ్వాలా అన్నది మూడోది. ఇలాంటి చోట స్కోరు ముల్లును అటో ఇటో వంచగలదు.

ఎంత వంచగలదో చూడాలంటే లెక్క కావాలి. రిపోర్టులో ‘రిస్కు రెట్టింపు’ అని ఉంటుంది. దేనికి రెట్టింపు? పదేళ్లలో జబ్బు పాకే అవకాశం 2 శాతం ఉన్న రోగికి రెట్టింపు అయితే దాదాపు 4 శాతం. 20 శాతం ఉన్న రోగికి అదే రెట్టింపు దాదాపు 36 శాతం. (40 కాదు. రెట్టింపయ్యేది జబ్బు పాకే వేగం, కాబట్టి పాకకుండా ఉండే అవకాశం 0.8ని 0.8తో హెచ్చవేసి ఒకటిలోంచి తీసేయాలి.) మొదటి రోగి జీవితంలో ఏమీ మారలేదు, రెండో రోగికి చాలా మారింది. అయినా రెండు రిపోర్టుల మీదా ఒకే ఎర్ర అక్షరాలు ఉంటాయి. బ్రిటన్‌లో జరిగిన ప్రొటెక్ట్ ట్రయల్ 15 ఏళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. పీఎస్‌ఏ పరీక్షలో బయటపడిన 1,643 మందిని కనిపెట్టుకుని ఉండటం, ఆపరేషన్, రేడియేషన్ అని మూడు గుంపులుగా పంచారు. ప్రోస్టేట్ కేన్సర్ వల్ల చనిపోయినవాళ్లు మొత్తం మీద 2.7 శాతం, గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. జబ్బు పాకినవాళ్లు మాత్రం కనిపెట్టుకుని ఉన్న గుంపులో 9.4 శాతం, ఆపరేషన్ గుంపులో 4.7, రేడియేషన్ గుంపులో 5.0. అంటే చావును లెక్కపెట్టే పరీక్ష, పాకడాన్ని లెక్కపెట్టే పరీక్ష ఒకే మనిషి గురించి వేర్వేరు మాటలు చెప్పగలవు, రెండూ నిజమే అయినా. రిపోర్టు ఏ ఫలితం గురించి మాట్లాడుతోందో చూడకుండా అంకె చదవడం కొలబద్ద ఏదో తెలియకుండా కొలత రాసుకోవడమే.

ఇంకొక తేడా కూడా బోర్డుల్లో తరచు కలగాపులగం అవుతోంది. కొన్ని గుర్తులు జబ్బు ఎటు పోతుందో చెబుతాయి. కొన్ని ఫలానా మందు ఈ రోగికి పనిచేస్తుందో లేదో చెబుతాయి. మొదటి రకం స్కోరు ఎక్కువ వచ్చినంత మాత్రాన ‘కాబట్టి ఈ మందు ఇద్దాం’ అనడానికి లేదు. ఆ మందు ఇచ్చినవాళ్లనూ ఇవ్వనివాళ్లనూ లాటరీ పద్ధతిలో పంచి, రెండు గుంపుల్లోనూ స్కోరు చూసి, లాభంలో తేడా ఉందని తేల్చితేనే రెండో మాట అనగలం. అలాంటి రుజువు ఇప్పటికి కొద్ది సందర్భాలకే ఉంది. అది లేని చోట స్కోరు ఎక్కువ ఉన్నవాళ్లకు లాభం పెద్దదిగా కనబడటానికి కారణం, మొదట ఉన్న రిస్కే పెద్దది కావడం. అదీ పనికొచ్చే సంగతే, దాన్ని దానిగానే చెప్పండి.

మాలిక్యులర్ పరీక్ష దాకా పోకముందే చేతిలో ఉన్న గుర్తులున్నాయి. వాటికి అదనంగా ఒక్క కోత కూడా అక్కర్లేదు. 2014లో పాథాలజిస్టులు ఒప్పుకున్న అయిదు గ్రేడ్ గ్రూపుల్లో, గ్రేడ్ గ్రూప్ 2 అన్న మాట ఒక్కటే చాలదు. గ్రంథుల ఆకారం బాగా చెడిన ప్యాటర్న్ 4 ఎంత శాతం, అందులో జల్లెడలా చిల్లులు చిల్లులుగా కనబడే క్రిబ్రిఫామ్ గ్రంథులున్నాయా, నాళాల లోపలే నిండిపోయిన ఇంట్రాడక్టల్ కార్సినోమా ఉందా అన్నవి రిపోర్టులో విడివిడిగా ఉండాలి. 5 శాతం ప్యాటర్న్ 4, క్రిబ్రిఫామ్ లేని కణితి ఒక జబ్బు. 40 శాతం ప్యాటర్న్ 4, పెద్ద క్రిబ్రిఫామ్ గ్రంథులున్న కణితి ఇంకో జబ్బు. రెండిటికీ గ్రూప్ అంకె ఒకటే. పీఎస్‌ఏను గ్రంథి పరిమాణంతో భాగిస్తే వచ్చే సాంద్రత 0.15 దాటిందా అన్నది కాలిక్యులేటర్‌తో అయ్యే పని. ఇవి రాయని రిపోర్టు చేతిలో పెట్టుకుని ఖరీదైన స్కోరు అడిగే బోర్డులను చూస్తే, ఇంట్లో దీపం ఉండగా నిప్పు కోసం ఊరు తిరగడమే గుర్తొస్తుంది.

ఇక ముక్క సంగతి. మా ప్రధాన ఫిర్యాదు ఇక్కడే ఉంది.

18 గేజ్ సూదితో తీసిన ముక్క మిల్లీమీటరు మందం, ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవు. దాన్ని సీసాలో వదిలేస్తే వంకర తిరిగి వానపాములా ముడుచుకుంటుంది. ముడుచుకున్న ముక్కను మైనంలో తిన్నగా పరచలేం. కత్తి కింద ఒక చివర ముందే అయిపోతుంది, రెండో చివర ఇంకా మైనంలోనే ఉంటుంది. సూది నుంచి తీయగానే స్పాంజి మీదో, ఫిల్టర్ కాగితం మీదో సాగదీసి పరచి ఫార్మలిన్‌లో వేస్తే ఈ బాధ ఉండదు. ఒక క్యాసెట్‌లో (ముక్కలు పెట్టే చిన్న ప్లాస్టిక్ పెట్టె) ఒకటి, మహా అయితే రెండు ముక్కలు. ఆరు ముక్కలు ఒకే క్యాసెట్‌లో కుక్కితే అన్నీ ఒకే మట్టంలో ఉండవు. ఏది ఎక్కడిదో తెలియదు కూడా. ఎంఆర్‌ఐలో కనబడిన మచ్చ నుంచి తీసినవి విడి సీసాలో, విడి పేరుతో రావాలి.

ఫార్మలిన్ అంటే 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్. బఫర్ లేనిది పుల్లబడి న్యూక్లియిక్ ఆమ్లాలను నమిలేస్తుంది. పరిమాణం ముక్కకు కనీసం పది రెట్లు. సమయం సూది ముక్కలకు 6 నుంచి 24 గంటలు, ఏ కణజాలానికైనా 72 దాటకూడదు. శుక్రవారం సాయంత్రం తీసి సోమవారం మధ్యాహ్నం దాకా సీసాలో ఉన్న ముక్క స్లైడు మీద చూడ్డానికి బాగానే ఉంటుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. లోపల మాత్రం ఆర్‌ఎన్‌ఏ తునాతునకలై ఉంటుంది. డీఎన్‌ఏ అక్షరాల్లో సైటోసిన్లు (సీ) కొన్ని దెబ్బతిని, ఆ అక్షరాల వరుస చదివే సీక్వెన్సింగ్‌లో థైమిన్లుగా (టీ) చదవబడతాయి. రిపోర్టులో తక్కువ శాతంలో కనబడే సీ నుంచి టీ మార్పులు గుంపుగా వచ్చాయంటే కణితిని కాదు, ముందు ఫార్మలిన్‌ను అనుమానించాలి.

ఆపరేషన్‌లో తీసిన గ్రంథిది ఇంకో కథ. ఫార్మలిన్ లోపలికి దిగేది గంటకు దాదాపు ఒక మిల్లీమీటరే. నిండు గ్రంథిని డబ్బాలో వేస్తే పై పొర గట్టిపడి, నడిమి భాగం గంటల తరబడి పచ్చిగా మగ్గుతుంది. దానికి ముందే, రక్తనాళాలు కట్టేశాక గ్రంథి ఒంటి వేడిలోనే సంచిలో ఉన్న సమయం ఉంది. ఆ సమయంలో ఫాస్, జున్ లాంటి ఒత్తిడి జీన్లు లేచి కూర్చుంటాయి. గ్రంథి బయటికి వచ్చిన టైము, ఫార్మలిన్‌లో పడిన టైము రెండూ ఫారం మీద రాయండి. ఆ రెండు అంకెలు ఉంటే వింత ఫలితం వచ్చినప్పుడు కారణం వెతకడానికి మాకు ఒక కొస దొరుకుతుంది.

ఇప్పుడు కత్తి దగ్గరికి రండి. ఒక ముక్కలో 2 మిల్లీమీటర్ల పొడవున కణితి ఉందనుకుందాం. మైనంలో వాడుకోదగ్గ లోతు అర మిల్లీమీటరు. 4 మైక్రాన్ల చొప్పున కోస్తే కాగితం మీద 125 కోతలు రావాలి. రావు. మొదట బ్లాకు ముఖాన్ని సమం చేయడానికి కొంత పోతుంది. మూడు మట్టాల్లో స్లైడ్లు తీయడానికి మధ్యలో కొంత పారేస్తారు. అనుమానం తీరక, మంచి గ్రంథుల అంచున ఉండే బేసల్ కణాల రంగు కోసం బ్లాకు మళ్లీ ఎక్కుతుంది. బ్లాకును యంత్రంలో మళ్లీ బిగించిన ప్రతిసారీ కోణం వెంట్రుకవాసి మారుతుంది, సమం చేసేలోపు ఓ 60 మైక్రాన్లు పొట్టులా రాలిపోతాయి. అంటే 15 కోతలు. వారం తర్వాత పీటెన్ (కణితిని అదుపులో పెట్టే ప్రోటీన్) రంగు అడుగుతారు, ఇంకో 15. నెల తర్వాత జీనోమిక్ స్కోరు అడుగుతారు, ఇంకో 15. చివరికి మా చేతికి వచ్చే కోతల్లో కణితి ఉండదు, అది ఉండిన జాగా ఉంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు ‘కణజాలం చాలలేదు’ అని రాసి పంపుతాం. తప్పు పరీక్షది అనుకుంటారు.

దీనికి మందు తేలిక. కణితి చిన్నదని మొదటి స్లైడులో కనబడగానే, బ్లాకు యంత్రంలో ఉండగానే, రంగు వేయని కోతలు ఓ పది తీసి ఎండబెట్టి వరుస నంబర్లతో దాచండి. చల్లగా, తేమ తగలకుండా. నెలలపాటు గది వేడిలో వదిలేసిన కోతల్లో ప్రోటీన్లూ, ఆర్‌ఎన్‌ఏ రెండూ వెలిసిపోతాయి కాబట్టి దాచడం అంటే మరిచిపోవడం కాదు. పరీక్షకు పంపే వరుసలో మొదటి కోతకూ చివరి కోతకూ మామూలు రంగు వేసి చూడండి. రెండిటిలోనూ కణితి ఉంటేనే మధ్యవాటిలో ఉన్నట్టు. చుట్టూ ఉన్న మంచి గ్రంథులను, కండను గీకి తీసేసి, గుర్తుపెట్టిన జాగా మాత్రమే గొట్టంలోకి పోవాలి. మంచి కణజాలం కలిస్తే స్కోరు కిందికి జారుతుంది, జారిందని రిపోర్టు చెప్పదు.

ఏ బ్లాకు పంపాలి? పొడవైన కణితి ఉన్నదాన్ని పంపడం అలవాటు. మా సలహా వేరు. ల్యాబ్ అడిగిన కనీస కొలతకు సరిపోయేంత ఉంటే, ఎక్కువ గ్రేడ్ ఉన్నదాన్నే పంపండి. ప్రోస్టేట్‌లో కణితి ఒకటే ఉండటం అరుదు. చాలామందిలో రెండు మూడు చోట్ల వేర్వేరుగా పుడుతుంది. వాటికి పుట్టుక కూడా వేరే, ఒకదాంట్లో ఉన్న జన్యు మార్పు పక్కదాంట్లో ఉండదు. కుడివైపు నుంచి తీసిన గ్రేడ్ గ్రూప్ 1 ముక్క మీద వచ్చిన తక్కువ స్కోరు, ఎడమవైపు ఎంఆర్‌ఐ మచ్చ గురించి ఒక్క మాటా చెప్పదు. ఎంఆర్‌ఐలో పెద్ద మచ్చ ఉండి, ముక్కల్లో చిన్న గ్రేడే వచ్చి, స్కోరు కూడా తక్కువ వస్తే, సూది మచ్చలోకి దిగలేదేమో అని ముందు అనుమానించండి. మళ్లీ బయాప్సీ చేయాల్సిన రోగిని స్కోరు చూపి ఇంటికి పంపవద్దు.

కణజాలం మీద చేసే ఆర్‌ఎన్‌ఏ పరీక్షల్లో మూడు బాగా పేరున్నవి. ప్రొలారిస్ కణ విభజనకు చెందిన 31 జీన్లను, పోలికకు 15 మామూలు జీన్లను కొలుస్తుంది. దాని మూలం ఒకటే ప్రశ్న: కణాలు ఎంత వేగంగా పుడుతున్నాయి? ఒకప్పుడు ఆంకోటైప్ అని పిలిచిన జీపీఎస్ పరీక్షలో 12 కేన్సర్ జీన్లు, 5 పోలిక జీన్లు ఉంటాయి. ఆండ్రోజెన్ (మగ హార్మోను) దారి, కణాల అమరిక, విభజన, చుట్టూ ఉన్న స్ట్రోమా (గ్రంథులను పట్టి ఉంచే కణజాలం) స్పందన అన్నిటినీ కలిపి 0 నుంచి 100 వరకు స్కోరు ఇస్తుంది. ఆపరేషన్ చేస్తే గ్రంథిలో చెడు లక్షణాలు బయటపడతాయా అన్న ప్రశ్న చుట్టూ అది మొదట పెరిగింది. డిసైఫర్ 22 ఆర్‌ఎన్‌ఏ గుర్తులతో 0 నుంచి 1 వరకు ఇస్తుంది. 0.45 లోపు తక్కువ, 0.60 పైన ఎక్కువ. ఆపరేషన్ తర్వాత జబ్బు పాకినవాళ్లను, పాకనివాళ్లను పోల్చి దాన్ని తయారుచేశారు. మూడూ మూడు ప్రశ్నలు అడుగుతున్నాయి కాబట్టి ఒకదాని ఫలితాన్ని ఇంకోదానితో సరిచూడటం కుదరదు. ఒకే రోగికి రెండు చేయించి, నచ్చినదాన్ని ఎంచుకోవడం అసలే కూడదు. గీతకు అటూ ఇటూ ఉన్న 0.59కి, 0.61కి మధ్య జీవశాస్త్రం ఏమీ మారలేదు. మారింది రిపోర్టు మీద రంగు.

ఈ మూడింటికీ ఉన్న ఒక షరతు చాలా చోట్ల గాలికి పోతోంది. ఇవన్నీ చికిత్స మొదలుకాని కణజాలం మీద సరిచూసిన పరీక్షలు. హార్మోను మందు మొదలైన కొన్ని వారాలకే విభజన జీన్లు అణిగిపోతాయి, ఆండ్రోజెన్ జీన్లు చల్లబడతాయి. అప్పుడు తీసిన ముక్కలో స్కోరు తక్కువ వస్తే అది మందు చేసిన పని. రేడియేషన్ తర్వాత తీసిన ముక్కకూ ఇదే వర్తిస్తుంది. గ్రేడ్ గ్రూప్ కూడా అలాంటి ముక్కలకు ఇవ్వకూడదని పాథాలజిస్టులకు తెలుసు, స్కోరు విషయంలో మాత్రం ఆ జాగ్రత్త ఎందుకో తప్పుతోంది. మందు మొదలుకాకముందు తీసిన పాత బ్లాకు ఉంటే అదే పంపండి.

ఒక్కో ప్రోటీన్‌కు వేసే రంగుల్లో పీటెన్‌ను మేం గట్టిగా సిఫారసు చేస్తాం. ఖర్చు తక్కువ, కోత ఒకటే, చెప్పేది ఎక్కువ. గ్రేడ్ గ్రూప్ 1 బయాప్సీలో పీటెన్ పోయినట్టు కనబడితే, ఆపరేషన్ చేసినప్పుడు గ్రేడ్ పెరిగే అవకాశం ఎక్కువ. చదవడంలో మెలకువ ఒకటుంది. పక్కనున్న మంచి గ్రంథులు, స్ట్రోమా రంగు పట్టి ఉండి, కణితి గ్రంథులు మాత్రం తెల్లబోయి ఉంటేనే ‘పోయింది’ అనాలి. అన్నీ తెల్లగా ఉంటే రంగు పట్టలేదని అర్థం, పీటెన్ పోయిందని కాదు. కొన్ని గ్రంథుల్లో ఉండి కొన్నిట్లో పోతే అలాగే రాయండి, ‘పాజిటివ్’ అని తేల్చేయవద్దు. ఈఆర్‌జీ రంగుతో ఇంకో గందరగోళం. 2005లో బయటపడిన టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2, ఈఆర్‌జీ జీన్ల అతుకు ఐరోపా మూలాలవాళ్ల కణితుల్లో సగం వాటిలో ఉంటుంది, ఆసియా, ఆఫ్రికా మూలాలవాళ్లలో తక్కువ. అది కణితి ఏ రకమో చెబుతుంది. ఎంత దూకుడో దానంతట అది చెప్పదు. విభజన చెందే కణాల్లో కనబడే కేఐ-67 ప్రోటీన్ విషయం సరేసరి. లెక్కపెట్టే జాగా మారితే అంకె మారుతుంది, గీత ఎక్కడ గీయాలో ల్యాబ్‌కో మాట. వాడితే మీ సొంత ల్యాబ్ పద్ధతి ఏమిటో రిపోర్టులోనే రాయండి.

రక్తం, మూత్రం పరీక్షల గురించి రెండు మాటలు చాలు. అవి ఎక్కువగా బయాప్సీ చేయాలా వద్దా అన్న దశకు చెందినవి. పీఎస్‌ఏ రకాలను కలిపి లెక్కగట్టే పీహెచ్‌ఐ కోసం తీసిన రక్తాన్ని 3 గంటల్లో తిప్పి సీరం వేరు చేయకపోతే, అందులో ఒక రకమైన ప్రోపీఎస్‌ఏ అంకె పెరిగి, లేని ప్రమాదం కనబడుతుంది. మూత్రంలో చూసే పీసీఏ3 జీన్ పరీక్షకు గ్రంథిని వేలితో నొక్కాక వచ్చిన మొదటి మూత్రమే కావాలి. ఎంత సరిగ్గా చేసినా అది కేన్సర్ ఉందో లేదో చెప్పడంలో మెరుగు, దూకుడు చెప్పడంలో కాదు. మామూలు పీఎస్‌ఏ సంగతైతే, ప్రోస్టేట్ వాపు తగ్గించే ఫినాస్టరైడ్ లేదా డ్యూటాస్టరైడ్ ఆరు నెలల నుంచి ఏడాది వాడినవాళ్లలో అంకె సగానికి పడిపోతుంది, రెట్టింపు చేసి చదవాలి. డబ్ల్యూహెచ్‌ఓ ప్రమాణంతో సరిచేసిన కిట్లు, పాత హైబ్రిటెక్ ప్రమాణం కిట్లకంటే అయిదో వంతు తక్కువ చూపిస్తాయి. ల్యాబ్ మారిన నెలలో పీఎస్‌ఏ ‘తగ్గితే’ సంబరపడకండి, ‘పెరిగితే’ కంగారు పడకండి.

వంశపారంపర్యంగా వచ్చే మార్పుల విషయంలో తొందరపాటు కంటే అలసత్వమే ఎక్కువ చూస్తున్నాం. 2016లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో జబ్బు పాకిన 692 మందిలో 11.8 శాతానికి డీఎన్‌ఏ మరమ్మతు జీన్లలో పుట్టుకతో వచ్చిన లోపం ఉంది. ఒక్క బీఆర్‌సీఏ2లోనే 5.3 శాతం. కుటుంబంలో ప్రోస్టేట్ కేన్సర్ ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఇందులో పెద్ద తేడా లేదు. కాబట్టి ‘ఇంట్లో ఎవరికీ లేదు’ అన్న మాట విని పరీక్ష మానేయడం తప్పు. బీఆర్‌సీఏ2 లోపం ఉన్న కణితి చిన్న వయసులో, ఎక్కువ గ్రేడ్‌తో వచ్చి, త్వరగా పాకుతుంది. హాక్స్‌బీ13 లోపం జబ్బు వచ్చే అవకాశాన్ని పెంచుతుందే గానీ ఇంత దూకుడు తేదు. రెండిటినీ ‘పాజిటివ్’ అన్న ఒకే గంపలో వేయకండి. మందు దగ్గరా అంతే. 2020 నుంచి వాడకంలోకి వచ్చిన పార్ప్ నిరోధకాలు (కణితి డీఎన్‌ఏ మరమ్మతును అడ్డుకునే మందులు) బీఆర్‌సీఏ లోపాలకు పనిచేసినంతగా ఏటీఎం, చెక్2 లోపాలకు పనిచేయవు. అర్థం తేలని మార్పు అని రిపోర్టులో ఉంటే దాని మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. నిజమైన లోపం దొరికితే పిల్లల్లో ఒక్కొక్కరికీ సగం అవకాశం ఉంటుంది, కూతుళ్లతో సహా. ఫలితం చెప్పే రోజునే జన్యు సలహా ఇచ్చేవారిని కూర్చోబెట్టండి.

కణితి డీఎన్‌ఏ సీక్వెన్సింగ్‌కు ఎముక ముక్క పంపేటప్పుడు దాన్ని ఆమ్లంలో మెత్తబరచవద్దు. ఆమ్లంలో నానిన ఎముకలో మాకు దొరికేది బూడిదే. కాల్షియం లాగే ఈడీటీఏ వాడండి, నెమ్మదైనా ఫరవాలేదు. కణితి కణాలు 20 శాతం కంటే తక్కువ ఉన్న ముక్కలో, రెండు ప్రతులూ ఊడిపోయిన బీఆర్‌సీఏ2 లోపం మంచి కణాల డీఎన్‌ఏ వెనక దాక్కుంటుంది. బీఆర్‌సీఏ2, ఆర్‌బీ1 రెండూ 13వ క్రోమోజోము మీద ఇరుగుపొరుగు. ఒకటి ఊడినప్పుడు రెండోదాన్ని కూడా వెతకండి. కణితిని అదుపులో పెట్టే టీపీ53, ఆర్‌బీ1, పీటెన్ జీన్లు మూడింటిలో రెండు పోయిన కణితి, పీఎస్‌ఏ తక్కువ చూపిస్తూనే కాలేయం దాకా పోగలదు.

రక్తంలో తిరిగే కణితి డీఎన్‌ఏ పరీక్షకు సమయమే ప్రాణం. హార్మోను మందు మొదలుకాకముందు గానీ, జబ్బు మళ్లీ పెరుగుతున్నప్పుడు గానీ రక్తం తీయాలి. మందు బాగా పనిచేస్తున్న నెలల్లో తీస్తే రక్తంలో కణితి డీఎన్‌ఏ ఉండదు, రిపోర్టు ‘మార్పులు కనబడలేదు’ అంటుంది. అది లేదన్న మాట కాదు, చూడలేకపోయామన్న మాట. రిపోర్టులో కణితి డీఎన్‌ఏ వాటా ఎంతో రాయని ల్యాబ్‌ను అడిగి రాయించండి. మామూలు ఈడీటీఏ గొట్టంలో తీస్తే కొద్ది గంటల్లోనే ప్లాస్మా వేరు చేయాలి. లేకపోతే తెల్లకణాలు పగిలి వాటి డీఎన్‌ఏ కలుస్తుంది. అంతకంటే జిత్తులమారి చిక్కు వయసుతో రక్తకణాల్లోనే పుట్టే మార్పులది. ఏటీఎం, చెక్2లలో అలాంటివి కనబడి, కణితివే అనుకుని పార్ప్ మందు రాసే ప్రమాదం ఉంది. అదే గొట్టంలోని తెల్లకణాలను పక్కనే సీక్వెన్స్ చేస్తే దొంగ దొరికిపోతాడు.

కాబట్టి మీ రిక్వెస్టు ఫారంలో ఈ గళ్లు చేర్చమని అడుగుతున్నాం: తాజా పీఎస్‌ఏ, గ్రంథి పరిమాణం, ఎంఆర్‌ఐ మచ్చ ఉన్న చోటు, ముక్క తీసిన టైము, ఫార్మలిన్‌లో వేసిన టైము, బయటికి తీసిన టైము, వాడుతున్న హార్మోను లేదా ఫినాస్టరైడ్ తరహా మందు, అది మొదలైన తేదీ. వాటి కింద ఒక ఖాళీ లైను, దాని పక్కన ‘స్కోరు తక్కువైతే’ అని. ఇంకో ఖాళీ లైను, ‘ఎక్కువైతే’ అని. ఆ రెండు లైన్లు నిండి వచ్చిన ఫారాన్ని మేం ఆ రోజే బల్ల మీదికి తీసుకుంటాం. రెండిటిలో ఒకటే మాట ఉన్న ఫారం వస్తే బ్లాకును కోయకుండా, మైనం చెక్కుచెదరకుండా వెనక్కి పంపుతాం.

ఇట్లు,
ప్రోస్టేట్ కణజాలం కోసే, రంగు వేసే, చదివే, సీక్వెన్స్ చేసే ల్యాబ్ మనుషులం